పలివెలలో విందు, సన్నాయి

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ నున్న కోనసీమకు ఉత్తరపు దిక్కున రావులపాలెము వాకిలి వంటిది. రాజమహేంద్రవరము నుండి వచ్చువారు జొన్నాడ వద్ద గౌతమిపై వంతెనను దాటగనే గాలి మారును. అంతవరకు దుమ్ము, లారీల పొగ. అటుపై అరటితోటల తేమ, కాలువనీటి చల్లదనము. రావులపాలెము అరటిగెలల వ్యాపారమునకు పేరుపడినది. సైకిలుకు అటు రెండు, ఇటు రెండు గెలలు కట్టుకొని త్రొక్కలేక నడిపించుకొని వచ్చు రైతులను చూడక ఆ యూరు దాటుట కష్టము. అచ్చటినుండి అమలాపురము పోవు బాటపై కొత్తపేట దిక్కుగా కొంతదూరము పోగా పలివెల వచ్చును. తూర్పుగోదావరి జిల్లాలో చిరకాలముండిన యీ గ్రామము 2022వ సంవత్సరము ఏప్రిలులో ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరినది. ఆ జిల్లాకు పిదప డాక్టరు బి.ఆర్. అంబేడ్కరుగారి పేరును చేర్చిరి. ఈ నేల యింత పచ్చగా నుండుటకు గోదావరి యొక్కతెయే కారణము కాదు. 1852లో ధవళేశ్వరమువద్ద కాటనుదొర కట్టించిన ఆనకట్టయు, దానినుండి చీలిన కాలువలును కారణములు.

మా పెద్దన్నగారికిని వదినగారికిని వివాహమై గడచిన మాఘమాసమునకు యాభై సంవత్సరములు నిండినవి. పిల్లలందఱును కలసి యొక వేడుక చేయవలెనని తలచిరి. నగరములోని పెద్ద హోటలులో ఒక హాలు తీసికొందుమనియు, సినిమాపాటల వాద్యబృందమును పిలుతుమనియు, రంగురంగుల దీపములు పెట్టింతుమనియు వారిలో వారు లెక్కలు వేసికొనిరి. వదినగారు అంతయు విని, "నా పెళ్ళి పలివెలలో అయింది. మళ్ళీ పీటలమీద కూర్చోబెడతామంటే అక్కడే కూర్చుంటాను. పందిట్లో సన్నాయి ఉండాలి. ఆ పెద్ద డబ్బాల్లోంచి వచ్చే పాటలయితే మీరే వినండి" అని తేల్చి చెప్పిరి. పలివెల వదినగారి పుట్టినిల్లు. ఆమె తమ్ముడుగారు ఇప్పటికిని ఆ యింటనే కాపురమున్నారు. పెంకుటిల్లు, ముందు పెద్ద అరుగు, వెనుక కొబ్బరితోట. నూఱుమంది కూర్చుండి భుజింపదగిన చోటు. ఇక మాటాడుటకేమున్నది?

మేము ఆడువార మందఱము ఒక వ్యానులో మధ్యాహ్నమునకే చేరితిమి.

పలివెల పోయినవారు మొదట చేయవలసినది ఉమాకొప్పులింగేశ్వరస్వామి దర్శనము. అగస్త్యమహర్షి ప్రతిష్ఠించిన లింగమని యూరివారు చెప్పుదురు. పార్వతీపరమేశ్వరుల కల్యాణమునకై లోకమంతయు హిమవంతమున గుమిగూడగా భూమి యొకప్రక్కకు ఒరగెనని, దానిని సరిచేయుటకు అగస్త్యుని దక్షిణమునకు పంపిరని, పెండ్లి చూడలేని కొఱత తీరుటకు ఆయనకు స్వామి యిచ్చట దర్శనమిచ్చెనని కథ. అందుచేత దంపతులై వచ్చి మ్రొక్కువారికి ఈ క్షేత్రముపై మక్కువ మెండు. లింగముపై కొప్పువంటి యాకారము కన్పట్టును. దానిని గూర్చిన కథ మఱియొకటి. పూర్వమిచ్చటి అర్చకు డొకడు ఒక వేశ్యయందు అనురాగము గలవాడై, స్వామికి పెట్టవలసిన పూలదండను ముందుగా ఆమె తలలో తురిమి చూచుకొనెడివాడట. ఒకనాడు రాజుగారు హఠాత్తుగా దర్శనమునకు రాగా అదే దండను ప్రసాదముగా నిచ్చెను. దండలో పొడవైన వెండ్రుక యొకటి కనబడినది. రాజు నిలదీయగా అర్చకుడు తడబడక, మా స్వామికి జటాజూట మున్నదనెను. అయినచో మఱునాడు చూపుమని రాజు పట్టుపట్టెను. అర్చకుడు రాత్రియంతయు స్వామి పాదములు పట్టుకొని యేడ్చెను. తెల్లవారునప్పటికి లింగమునకు కొప్పు మొలచెనట!

భక్తునిపై స్వామికి గల దయను చెప్పుటకు ఈ కథను అందఱును చెప్పుదురు. మేము విన్నప్పుడెల్ల మాకు తోచునది వేఱు. అర్చకుని ప్రాణము దక్కెను, రాజు సందేహము తీఱెను, స్వామికి కొత్త పేరు వచ్చెను. ఎవతె వెండ్రుకవలన ఇదంతయు జరిగెనో ఆమె పేరు మాత్రము కథలో లేదు. పిదప ఆమె యేమైనదో అడిగినవారును లేరు.

అట్టి స్త్రీలు ఈ గోదావరి మండలమున తరతరములుగా దేవాలయములలోను పెండ్లిపందిళ్ళలోను పాడి ఆడినవారు. వారిని కలావంతులనియు, వారి యాటపాటలను భోగముమేళములనియు అనిరి. ఒకప్పుడు మేళములేని పెండ్లి కలవారి పెండ్లి యనిపించుకొనలేదు. వారి పాట వినుటకు మగవారు పందిట కూర్చుండగా, మనవారు తలుపుసందులనుండి వినెడివారు. 1947లో మద్రాసు ప్రభుత్వము ఆడుబిడ్డలను దేవాలయములకు అర్పించుటను నిషేధించుచు చట్టము చేసినది. బాలికల మేలుకై చేసిన చట్టమది. దానిని మేము తప్పుపట్టుట లేదు. కాని ఆ చట్టముతోబాటు ఆ వృద్ధస్త్రీల విద్యకును ఆదరణ పోయినది. వారి పదములును అభినయమును ఇండ్ల మూలలలో ముసలివైపోవుచుండగా నటరాజ రామకృష్ణగారు (1923-2011) వారిని వెదకుకొని పోయి, వారియొద్ద నేర్చి, ఆంధ్రనాట్యమను పేర మరల రంగస్థల మెక్కించిరి. అంతవఱకు మన విందులకు పాట కావలసెను గాని పాడినవారు అక్కఱలేకపోయిరి.

దర్శనము చేసికొని యింటికి వచ్చునప్పటికి పెరటిలో వంటలు జోరుగా నుండెను.

కోనసీమ వంట గూర్చి చదువరులైన సోదరీమణులకు క్రొత్తగా చెప్పనేల యందురేమో. అయినను పనసపొట్టు కూరను గూర్చి రెండు మాటలు చెప్పక వదలలేము. మాఘఫాల్గుణములలో లేత పనసకాయలు వచ్చును. కాయ చెక్కి, చేతులకును కత్తికిని నూనె రాచుకొని, సన్నని పొట్టుగా కొట్టవలెను. కొట్టుట యొక విద్య. ఆ సాయంకాలము ఆ పని చేసిన వంటాయన కత్తి చప్పుడు విని మా పిల్లలు డోలు వచ్చినదనుకొని పరుగెత్తిరి. పొట్టును పసుపు వేసి యుడికించి, నీరు పిండి, చింతపండు పులుసు, పచ్చిమిరప, అల్లము, కరివేపాకు, జీడిపప్పు వేసిన పోపులో కలిపి, పొయ్యి దింపిన తరువాత మాత్రమే ఆవముద్ద కలుపవలెను. పొయ్యిమీదనే కలిపినచో చేదెక్కును. పట్టణములలో పొట్టును సంచులలో అమ్ముచున్నారు. తొందరలో నున్నవారికి మేలే, కాని ఆ కొట్టిన పొట్టుకును అప్పుడు కొట్టినదానికిని గల భేదము తిన్నవారికే తెలియును.

పనసాకులను పుల్లలతో కుట్టి దొన్నెలుచేసి, అందు ఇడ్డెనపిండి పోసి ఆవిరిపై ఉడికించిన పొట్టిక్కబుట్టలు అపరాహ్ణపు ఫలాహారము. ఆకువాసన పిండికి పట్టును. ఇక రాత్రి విందుకు కందాబచ్చలి కూర, ఆవపెట్టిన పులిహోర, కొబ్బరిపచ్చడి, గుమ్మడికాయ దప్పళము, పూర్ణములు, గారెలు, చక్కెరకేళి అరటిపండ్లు. పూతరేకులు ఆత్రేయపురమునుండి వచ్చినవి. బోర్లించిన కుండ వీపుపై, గంజివలె పలుచనైన బియ్యపుపిండిలో ముంచిన గుడ్డను ఒక్క విసరుతో పఱచి తీయు ఆ రేకులను చేయువారు ముఖ్యముగా స్త్రీలే. 2023లో ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళికగుర్తింపు లభించినప్పుడు ఆ పొగపొయ్యిల ముందు కూర్చుండు తల్లులను తలచుకొని మేము సంతోషించితిమి.

పూతరేకు పొరలు లెక్కించుచు కూర్చున్న మా మేనకోడలు, అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రమందలి మయామీ నగరమునుండి నెలరోజుల సెలవుమీద వచ్చినది, ఉన్నట్లుండి, "అత్తయ్యా, వేయించిన అరటికాయ, అన్నం, పప్పుగింజలు, కొబ్బరిచెట్లు, పందిట్లో వాయిద్యం. ఇదంతా నేను అక్కడ చూశాను" అనెను. మేము నవ్వితిమి. ఆమె నవ్వలేదు.

క్యూబాదీవి ఫ్లారిడాకు దక్షిణమున సుమారు నూటయేబది కిలోమీటర్ల దూరముననే యున్నది. 1959లో అచ్చట ప్రభుత్వము మారినపిదప వేలకొలది క్యూబావారు మయామీ చేరి, ఎనిమిదవ వీథిచుట్టును తమ పేట నొకదానిని కట్టుకొనిరి. దానికి చిన్న హవానా యని పేరు. మా మేనకోడలికి ఉద్యోగములో పై పదవి వచ్చినప్పుడు తోడి యుద్యోగినులు ఆమెను ఆ పేటలోని యొక భోజనశాలకు కొనిపోయిరట. ఆ రాత్రిని ఆమె మాకు ఎంతసేపైనను చెప్పుచునే యుండెను.

అన్నమును నల్లని చిక్కుడుగింజలను కలిపి యొకే గిన్నెలో వండుదురు. దానికి వారు 'మోరోస్ ఇ క్రిస్టియానోస్', అనగా నల్లమూరులు, క్రైస్తవులు, అని చమత్కారముగా పేరు పెట్టుకొనిరి. ముగ్గిన అరటిని నూనెలో వేయించి తీయగా నొకటి. పచ్చికాయను ముక్కలుకోసి, ఒకమాఱు వేయించి, అణచి, మరల వేయించి కరకరలాడునట్లు ఇంకొకటి. ఇది వినగానే మా పిన్నిగారు, "రెండుమార్లు వేయించడం బాగుంది. మనం చేసి చూడాలి" అని ముడివేసికొనిరి. శాకాహారులు మాత్రము అడిగి తినవలెను. గింజలలో పందిమాంసము వేయుట అచ్చట పరిపాటి. మా పిల్ల అడిగినపిమ్మటనే ముట్టినదట. చివర గుటకెడు కాఫీ, చెఱకురసమంత తీపి. తీపికి కారణమున్నది: క్యూబా చెఱకుదేశము. ఆ చెఱకుతోటలకై ఆఫ్రికానుండి మనుష్యులను బానిసలుగా కొనితెచ్చిరి. బానిసత్వ మచ్చట 1886 వఱకు పోలేదు.

ఆ వచ్చిన ఆఫ్రికావారి మద్దెలలును, స్పెయినువారి తంత్రీవాద్యమును కలిసి పుట్టినదే 'సోన్' అను వారి సంగీతము. తూర్పు క్యూబా పల్లెలలో పుట్టి హవానా చేరినది. జంటలుగా నుండు మూడు జతల తీగెల 'త్రెస్', గింజలుపోసిన బుఱ్ఱలవంటి 'మరాకాస్', మోకాళ్ళనడుమ పెట్టుకొని వ్రేళ్ళతో వాయించు జంట మద్దెలలు 'బొంగో'. వీనినన్నిటిని నడిపించునవి రెండు కొయ్యముక్కలు. వానిని 'క్లావే' అందురు. ఒకదానితో నొకటి కొట్టుచు అయిదు దెబ్బలు, మూడును రెండునుగా, పాట మొదలునుండి తుదివఱకు తప్పక వేయుచుండవలెను. మా పిల్ల రెండు గరిటెల కాడలతో వేసి చూపగా వదినగారి తమ్ముడుగారు చేతితో తాళముకట్టి చూచి, "చెడదు" అని మెచ్చుకొనిరి.

ఆ భోజనశాలలో పాట నడుచుచుండగా భోజనము చేయువారు లేచి బల్లలనడుమనే ఆడిరట. తాత మనుమరాలితో, తల్లి కొడుకుతో. అందు మా పిల్ల మనసున నాటినది వేఱొకటి. గంటసేపు వాయించిన తరువాత వాద్యగాండ్రు వాద్యములు దించి, వచ్చి వీరి ప్రక్కబల్లవద్దనే కూర్చుండిరట. భోజనశాల యజమానుని తల్లి, తలనెరసిన ముసలమ్మ, తానే పళ్ళెములు తెచ్చి ముందు వారికి పెట్టి, తరువాతనే మిగిలిన అతిథులయొద్దకు వచ్చినదట.

ఇట్టి మర్యాద అచ్చటను పుట్టుకతో వచ్చినది కాదు. సోన్ మొదట నల్లవారి పాట, కూలివారి పాట యని హవానాలోని గొప్పవారు చెవిని బెట్టలేదు. తెల్లవారికి వేఱు సంఘములు, నల్లవారికి వేఱు సంఘములు. నాట్యశాలలు కూడ వేఱు. బ్వేనావిస్తా యను పేరుగల సంఘము నల్లవారిది. 1996లో కొందఱు వృద్ధగాయకులను చేర్చి హవానాలో పాడించి, మఱుసటి యేడు ఆ సంఘము పేరనే గ్రామఫోను పళ్ళెముగా వెలువరింపగా లోకమంతయు విన్నది. అందు పాడిన ఇబ్రహీం ఫెర్రేరుగారు అప్పటికి బూట్లకు మెఱుగు పెట్టుకొని బ్రతుకుచుండిరి. కొంపాయ్ సెగుండోగారు ఒకప్పుడు చుట్టలు చుట్టి జీవించినవారు. వృద్ధులైన తరువాత వారికి దేశదేశముల సభలు దొరకినవి. ఆ పాటలు అంతకు ముందును అంత బాగుగానే యుండెను గదా!

సంజెవేళకు మేళము వచ్చినది. సన్నాయిలు రెండు, డోళ్ళు రెండు. పెద్ద సన్నాయిగారికి అఱువదియైదు దాటియుండును. రెండవవాడు ఆయన మనుమడు, కళాశాలలో చదువుచున్నాడట. శ్రుతికి మునుపు బూర పట్టుకొని ఊదు బాలు డొకడు వెంట నుండెడివాడు. ఇప్పు డాస్థానమున చిన్న విద్యుత్ పెట్టె వచ్చినది. బాలుడు బడికిపోవుచున్నాడు గనుక ఆ పెట్టెను మేము దీవించితిమి.

సన్నాయి మంగళవాద్యమని మనమందఱము చెప్పుదుము. అది లేక తాళికట్టము. కాని ఆ కొయ్య యెంత కష్టపెట్టునో దగ్గఱ కూర్చుండి చూచినవారెఱుగుదురు. చిన్న రెల్లుపీకను పెదవులనడుమ నదిమి, ఊపిరితోడను వ్రేళ్ళతోడను గమకములు తీయవలెను. పీక తడి తక్కువైనను పలుకదు, ఎక్కువైనను పలుకదు. అందుచేత నాలుగైదు పీకలను దారమునకు గ్రుచ్చి సన్నాయికే వ్రేలాడగట్టుకొందురు. డోలువాయించువారు ఒక వ్రేళ్ళకు గట్టితొడుగులు తొడిగికొని, రెండవచేత పుల్లతో కొట్టుదురు. ఆంధ్రదేశమున మంగలివారును, కొన్నిచోట్ల మహమ్మదీయులును ఈ విద్యను తరతరములుగా నిలిపినవారు. ఒంగోలు దగ్గఱ కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారు శ్రీరంగములో స్థిరపడి, రంగనాథుని సన్నిధిని వాయించి, 1998లో సంగీతకళానిధి బిరుదమందిరి. అంత పేరు ఒక్కరికో ఇద్దఱికో. మిగిలినవారికి పెండ్లి ముహూర్తములున్న నెలలు తప్ప తక్కిన నెలలు కఱవే.

దంపతులను పీటలపై కూర్చుండబెట్టి హారతి యిచ్చునప్పుడు పెద్దాయన ఆనందభైరవి నెత్తుకొనెను. మాటలు ఆగిపోయినవి. వంటపందిరిలో గరిటెల చప్పుడును ఆగినది. పిదప మోహన, ఆపిదప కల్యాణి. మనుమడు తాత విడిచినచోట నందుకొనుచు, తడబడినప్పుడు తాత కన్నెత్తి చూడగనే దిద్దుకొనుచుండెను. మా మేనకోడలి కొడుకు, ఆఱేండ్లవాడు, డోలుముందు చతికిలబడి కదలలేదు.

రాత్రి ఎనిమిది దాటినది. వంటమేస్త్రి వచ్చి, "అమ్మా, మొదటి బంతికి ఆకులు వేయించమంటారా? మేళగాళ్ళకి చివరి బంతి తరువాత కొట్టంప్రక్కన వేస్తాం, వాళ్ళు వాయిస్తూ ఉంటే మీ భోజనాలు వేడుకగా ఉంటాయి" అనెను. ఆతని తప్పేమియు లేదు. ఎల్లయిండ్లలో జరుగునదే చెప్పినాడు.

వదినగారు పీటమీదనుండి లేచి, "వాళ్ళకీ ఈ పందిట్లోనే, మొదటి బంతిలోనే వెయ్యండి. వాళ్ళు కూర్చోకపోతే నేనూ కూర్చోను" అనిరి.

పందిటిలో ఒక్కక్షణము నిశ్శబ్దము. మా బావగారొకరు, వయోవృద్ధులు, "ఎప్పుడూ లేనిది ఇప్పుడెందుకమ్మా? వాళ్ళ మర్యాద వాళ్ళకి చేస్తున్నాంగా, బట్టలు పెడుతున్నాం, సంభావన ఇస్తున్నాం" అని మెల్లగా ననిరి. వదినగారు గొంతు పెంచలేదు. "నా పెళ్ళి మూడురోజులు జరిగింది, బావగారూ. మూడు రాత్రులూ సన్నాయి వాయించినవాళ్ళు అందరి తరువాత తిన్నారు. శ్రుతి పట్టిన కుర్రవాడు ఆకలికి ఏడుస్తుంటే నేను పెళ్ళికూతుర్ని గదిలోంచి విన్నాను. లేచి వెళ్ళి ఒక గారె ఇచ్చే స్వతంత్రం నాకు లేదు. ఇవాళ ఉంది."

ఇదంతయు సన్నాయిగారు వినుచునే యున్నారు. ఆయన కన్నీరు పెట్టుకొనునని మేమనుకొంటిమి, పెట్టుకొనలేదు. సన్నాయిని ఒడిలో పెట్టుకొని, నిదానముగా, "అమ్మగారూ, ఆ కుర్రాడు నేను కాదండి. మా పినతండ్రి కొడుకు అయ్యుంటాడు, అప్పట్లో వాడు శ్రుతి పట్టేవాడు. అయినా ఆ రోజుల్లో అన్ని ఇళ్ళలోనూ అంతేనండి, ఇది ఒక్క మీ ఇల్లని కాదు. కాని ఒక మాట. మొదటి బంతిలో తింటే నేను మళ్ళీ వాయించలేనండి. కడుపు నిండితే ఊపిరి నిలవదు. మీకు తరువాత కచేరీ కావాలంటే నేను ఆకలిమీద ఉండాల్సిందే" అనెను.

ఇది మాలో నెవ్వరికిని తోచని సంగతి. ఇన్ని పెండ్లిండ్లు చూచితిమి, ఊదువానికి ఆహారనియమముండునని ఎఱుగము. గౌరవమునకై మేము పెట్టు పూర్ణములు ఆయన విద్యకే యడ్డమగునట! వదినగారు కొంచెమాలోచించి, మిగుల తేలికగా చిక్కు విప్పిరి. ముందు కచేరీ. అందఱును ఆకలితోనే వినవలెను. అదియైన పిదప అందఱికిని ఒకేమారు ఆకులు. భోజనవేళ వాద్యముండదు.

పిల్లలకును, మందులు పుచ్చుకొను పెద్దలకును ముందుగా పెట్టివేసితిమి. మిగిలినవారము ముప్పాతికగంటసేపు విందువాసన పీల్చుచు పాట వింటిమి. ఆకలిగొన్న చెవులకు సంగీతము ఇంత స్పష్టముగా వినబడునని మునుపెఱుగము. భోజనములప్పుడు సన్నాయి వినుచున్నామనుకొనుట వట్టిమాట, అప్పుడు మనము వినునది ప్రక్కవాని అప్పడమే. హిందోళము సాగినంతసేపు ఒక్క పిల్ల గాజుల చప్పుడైనను లేదు. మా మేనకోడలు నాయొద్దకు జరిగి, తొడపై వ్రేళ్ళతో మూడును రెండును వేయజూచి, తాళము కుదరక, ఊరకుండెను.

తొమ్మిదిన్నరకు ఆకులు పడినవి. అన్నగారి కుడిప్రక్క పెద్ద సన్నాయిగారు, వదినగారి యెడమప్రక్క డోలువాయించు యువకుడు. ఆ యువకుడు మొదట కూర్చుండుటకే జంకెను. ఆకుమీద నీళ్ళు చల్లి, దానినే చూచుచు తలయెత్తలేదు. పెద్దాయనకు మాత్రము బెఱకు లేదు. పనసపొట్టులో ఆవ కొంచెము తగ్గినదని చెప్పెను, అది నిజమే. వడ్డించువారు ఆయనను ఏమని పిలువవలెనో తెలియక రెండుమాఱులు "ఇదిగో" యని, మూడవమాఱు "సన్నాయిగారూ, దప్పళం వేయించుకోండి" అనిరి. ఆ పిలుపే ఆ రాత్రికి నిలిచినది.

బావగారు బంతిలో కూర్చుండలేదు. మోకాళ్ళనొప్పి యని అరుగుమీద కుర్చీలో కూర్చుండి, చేతిలో పళ్ళెముతో భుజించిరి. నొప్పియున్న మాట వాస్తవమే. అయినను కడచిన సంక్రాంతికి వారు క్రింద కూర్చుండియే తినిరి. వదినగారు స్వయముగా పోయి వారికి నెయ్యి వడ్డించి వచ్చిరి. ఇద్దఱును ఏమియు మాటాడుకొనలేదు. వారి కుమార్తె మాత్రము డోలు యువకుని ప్రక్కనే కూర్చుండి, నీవు ఏయూరు, ఎంతమంది అక్కచెల్లెండ్రని అడుగుచుండెను.

భోజనములైన పిదప తాంబూలములు. వదినగారు పళ్ళెములో బట్టలును, ఒప్పుకొన్న సొమ్మును, దానిపై నింకొంతయు పెట్టి యిచ్చిరి. సన్నాయిగారు అచ్చటనే లెక్కించి చూచుకొని జేబులోనుంచుకొనెను. లెక్కించుట కొందఱికి నచ్చలేదు గాని మాకు నచ్చినది. "సొమ్ము అదేరోజు చేతిలో పెట్టేవాళ్ళు తక్కువమ్మా. మర్నాడు రమ్మంటారు, మర్నాడు పోతే ఆపైవారం రమ్మంటారు. బంతిలో కూర్చోబెట్టడం సంతోషం. ఇది ఇంకా సంతోషం" అనెను. మనుమనికి మా మేనకోడలు క్యూబా పాట నొకదానిని తన ఫోనులో వినిపింపగా, వాడు రెండుమాఱులు విని, సన్నాయి యెత్తి మొదటి పాదమును అచ్చముగా పలికించెను. తాత ముఖము చిట్లించి, "గమకం లేదు" అనెను. అయినను తాళముమీద ఆయన బొటనవ్రేలు కదలుచునే యుండెను.

వారికి తెల్లవారుజామున నాలుగుగంటల ముహూర్తమునకు అంబాజీపేట దిక్కున మఱియొక పెండ్లి యున్నదట. పూతరేకుల పొట్లములు నాలుగు కట్టియిచ్చితిమి. పీకలను నూతినీటితో కడిగి, తడియార్చి, మెత్తని గుడ్డలో చుట్టుకొని, డోళ్ళకు గలేబులు తొడిగి, పదిన్నరకు వ్యానెక్కిరి. త్రోవలో రెండుగంటలైనను నిద్రపోవచ్చునని పెద్దాయన చెప్పెను.